కామా దగ్గర ఆగిన వెన్న శాతం

బ్యోగెలుండ్, పశ్చిమ యూట్లండ్
3 ఫిబ్రవరి 1997

తమ్ముడు టోర్కిల్‌కి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పడమటి గాలి ఆగకుండా కొడుతోంది. అది ఇక్కడ వార్త కాదనుకో.

నువ్వు కోపెన్‌హేగన్‌లో పాల పరీక్షా సంఘం కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాస్తున్నావని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు మానేశాను. నెలనెలా మీ సంఘం పంపే పట్టీలో మన పొలం పేరు ఎలా అచ్చవుతోందో ఎప్పుడైనా చూశావా? అందులో మన డేనిష్ అక్షరం, గీత కొట్టిన ఓ, ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పడుతోంది. డెయిరీ దగ్గర పొరుగు పొలం ఆక్సెల్ ఆ పట్టీని పదిమందిలో పైకెత్తి చూపించాడు.

"ఏమ్మా ఎల్సెబెత్, నీ పొలం ఉందో లేదో సంఘానికే అనుమానంగా ఉన్నట్టుందే!"

"నా పొలం ఉంది. సంఘంలో మా తమ్ముడు ఉన్నాడో లేడో అదే అనుమానం," అన్నాను.

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి. మన సిగ్నె కోడెదూడని ఈనింది. గోధుమ రంగు, మూతి చుట్టూ నల్లటి వలయం, అచ్చం తల్లే. జూన్‌లో ఎంపిక కమిటీ మన చుట్టుపక్కల పొలాల నుంచి ఒక్క కోడెని తీసుకుంటుంది. అది సంఘం ఆబోతుల కేంద్రానికి వెళ్తుంది. మిగతావన్నీ మాంసం లారీకే. ఈసారి వరసలో ఉన్నవి రెండే: మనదీ, ఆక్సెల్ వాళ్ళ బోలెట్ కొడుకూ. తల్లి పాలలో వెన్న శాతం ఎవరిదెక్కువో వాళ్ళది తీసుకుంటారు. శాతం సమానమైతే పాలెక్కువ ఇచ్చే తల్లి కొడుకు. బోలెట్ పాలు ఎక్కువే ఇస్తుంది, నీళ్ళలాంటి పాలు. వెన్నలో మాత్రం సిగ్నె దరిదాపుల్లోకి రాదు.

ఎంపికయ్యేదాకా కోడెదూడకి పేరు పెట్టడం మన ఇంట్లో లేదని నీకు తెలుసు. పేరున్నదాన్ని లారీ ఎక్కించడం కష్టం. ఈసారి మాత్రం ఒక పేరు ఆలోచించి పెట్టుకున్నాను.

ఎల్సెబెత్


కోపెన్‌హేగన్
17 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం అందింది. ప్రశ్నార్థకం సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. నీకోసం కొంచెం విడమరిచి చెబుతాను.

ఆ ప్రోగ్రాం ప్రేబెన్ అనే పెద్దాయన రాసింది. పోయిన ఏడాది రిటైరై ఇప్పుడు ఉల్లికాడలు పండించుకుంటున్నాడు. ఉల్లికాడలే ముందు పండించుకుని ఉంటే అందరికీ బాగుండేది. ఆయన ఒక్కో అక్షరానికీ ఇరుకు గది ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. మన గీత కొట్టిన ఓ, నెత్తిన సున్న ఉన్న ఆ అందులో పట్టవు. నేను ఇప్పుడు ప్రోగ్రాం మొత్తాన్ని వెడల్పు అక్షరాలకి మారుస్తున్నాను. ప్రతి అక్షరానికీ పెద్ద గది. ప్రపంచంలో ఎవరి పేరైనా పడుతుంది, మీ ఆక్సెల్ పేరు కూడా.

ఈ పని ఇక్కడ ఇంకెవరికీ చేతకాదు. ప్రేబెన్ రాసిన సి భాష చదువుతుంటే నాకు తలనొప్పి వస్తోంది. ఎందుకో ఎక్కడా రాయడు, అడ్డదిడ్డంగా అతుకులు వేసుకుంటూ పోయాడు. అర్థం లేనివన్నీ పీకి పారేస్తున్నాను. అంకెల అక్షరాల్ని సంఖ్యగా మార్చే సరుకు భాషలోనే తయారుగా ఉంది, వెడల్పు అక్షరాలకి వేరే ఉంది. దాని పేరులో అచ్చు ఒక్కటే, నీకు పలకడం రాదు. అది ఉండగా అతుకులెందుకు?

వసంతానికి పట్టీ కొత్త రూపంలో వస్తుంది. అప్పుడు ఆక్సెల్‌కి చూపించు.

టోర్కిల్


బ్యోగెలుండ్
12 మే

తమ్ముడికి,

కొత్త పట్టీ వచ్చింది. మన పొలం పేరు పుట్టినప్పుడు పెట్టినట్టే ఉంది. మరీ అంత అన్యాయంగా లేదు. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు మన వైపు ఉండదని నువ్వు మర్చిపోయి ఉంటే గుర్తుచేస్తున్నాను. ఆక్సెల్ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చు బాగుంది" అని ఊరుకున్నాడు. వాడికి ఆ మాట అనడం పన్ను పీకించుకున్నట్టు ఉంది.

బార్లీ మొలిచింది. కొట్టం పైకప్పు మీద పడమటి వైపు రేకులు లేచిపోతే మళ్ళీ బిగించాం. చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు, కోపెన్‌హేగన్ వాడు. కొండ మీద గొంతు ఎత్తి మాట్లాడేవాడిలా ప్రసంగిస్తాడు. ఇక్కడ కొండ లేదని ఎవరైనా చెప్పాలి. కాఫీ మీద కాఫీ అడుగుతాడు, కేకు మాత్రం వద్దంటాడు. కేకు వద్దనే పాస్టరుని మనవాళ్ళు ఎన్నాళ్ళు భరిస్తారో చూడాలి.

నెలనెలా పాల నమూనాలు తీయడానికి వచ్చే యోన్నా నీకు నమస్కారాలు చెప్పమంది. నిన్ను బడిలో చూసిన గుర్తుందట. పాపం, అదే గుర్తు ఇంకా చెడకుండా ఉంది.

చివరగా ఒకటి. పట్టీలో వెన్న శాతాలన్నీ ఈసారి మొండి అంకెలైపోయాయి. సిగ్నెకి ఎప్పుడూ 6,8 ఉండేది, ఇప్పుడు 6 అని ఉంది. కామా లేదు, దాని తర్వాత ఏమీ లేదు. కాగితం పొదుపా? జూన్‌లో కమిటీ ఈ పట్టీనే చూస్తుంది. దీని సంగతేమిటో వెంటనే రాయి.

ఎల్సెబెత్


కోపెన్‌హేగన్
20 మే

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను, "అన్యాయంగా లేదు" దాకా. అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆఫీసరు కేకు తెప్పించాడు. దేశంలో పాడి ఉన్న ప్రతి పొలానికీ దాని పేరు దానికి తిరిగి ఇచ్చానట. నేను అంత మాట అనలేదు, ఆయన అన్నాడు.

ఆక్సెల్ మొహం చూడాలని ఉంది.

ఎవరైనా ఇటు వస్తుంటే ఆ పొగబెట్టిన చీజ్ 1,5 కిలోలు పంపించు. ఇక్కడ దుకాణాల్లో చీజ్ పేరుతో సబ్బు అమ్ముతున్నారు.

టోర్కిల్


బ్యోగెలుండ్
16 జూన్

టోర్కిల్‌కి,

దూడ పోతోంది. ఈ ఉత్తరంలో ఇదే మొదటి మాట, ఎందుకంటే నువ్వు మొదటి మాటలు మాత్రమే చదువుతావని తెలిసింది. వెన్న శాతం గురించి మే నెలలో రాశాను. చీజ్ పంపమని జవాబు రాశావు.

కమిటీ నిన్న వచ్చింది. మా వంటింట్లోనే కూర్చున్నారు, ఏడు రకాల బిస్కెట్లు కాల్చి పెట్టాను. అధ్యక్షుడు హోల్గర్ ఆ పట్టీని బల్ల మీద పరిచాడు.

"సిగ్నె, ఆరు. బోలెట్, ఆరు. సమానం. పాలలో బోలెట్ పైన."

"సమానమెక్కడ హోల్గర్? పోయిన ఏడాది పట్టీ చూడు. దానిది ఆరుంపావు కూడా లేదు. నాది ఏడుకి దగ్గర."

"పోయిన ఏడాది పాలతో ఈ ఏడాది కాఫీ కలుపుకోలేంగా, ఎల్సెబెత్."

"ఊళ్ళో ఆవులన్నిటికీ ఒకేసారి ఆరే వచ్చిందా? ఆవులన్నీ కూడబలుక్కున్నాయా?"

"ఆరే కాదు, ఐదు కూడా ఉన్నాయి," అన్నాడు ఆక్సెల్. వాడు నా వైపు చూడలేదు. నేను కాల్చిన బిస్కెట్లు మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఆక్సెల్ కోడెని తీసుకున్నారు. మన దూడ ఆగస్టు లారీలో వెళ్ళాలి. లారీ వచ్చేలోపల నువ్వు ఆ అంకెలు సరిచేసి హోల్గర్‌కి పంపితే ఏమైనా మార్చగలరేమో. ఇప్పటికైనా పట్టీ చూడు.

ఎల్సెబెత్


కోపెన్‌హేగన్
25 జూన్

అక్కా,

నీ బాధ అర్థమైంది. కానీ యంత్రం ఆరు అంటే ఆరే. దానికి సిగ్నె మీద కోపమూ లేదు, ఆక్సెల్ మీద ప్రేమా లేదు.

నువ్వు రాసిన తర్వాత మళ్ళీ పరీక్షించాను. నా చేత్తో 6.8 అని కొట్టాను, 6.8 వచ్చింది. 5.35 కొట్టాను, 5.35 వచ్చింది. కాబట్టి ప్రోగ్రాం శుభ్రంగా ఉంది. తప్పు మీ దగ్గరే జరిగి ఉండాలి. యోన్నా సీసాలు సరిగ్గా కలపకుండా నమూనా తీస్తే వెన్న పైనే ఉండిపోతుంది. లేదా ల్యాబులో ఎవరో సోమరిపోతు సగం అంకెలు కొట్టి కాఫీకి లేచి ఉంటాడు. అడిగి చూడు.

మీవాళ్ళు కంప్యూటర్‌ని నమ్మడానికి ఇంకో తరం పడుతుంది. నేను ఎవర్నీ నిందించడం లేదు.

టోర్కిల్


బ్యోగెలుండ్
2 జూలై

టోర్కిల్‌కి,

నువ్వు ఎవర్నీ నిందించలేదు కాబట్టి యోన్నా మాత్రమే ఏడ్చింది. నీ మాట హోల్గర్ చెవిన నేను వేయలేదు. మీ ఆఫీసు నుంచే ఫోను వచ్చిందట, యోన్నా పని మీద నిఘా పెట్టమని. అది మీ ఆఫీసుకి ఎవరు చెప్పారో నేను అడగను.

ల్యాబు చీటీ ఈ ఉత్తరంతో పెడుతున్నాను. సీసా మీద అంటించేది, యోన్నా దాచి ఉంచింది. సిగ్నె పేరు పక్కన 6,8 అని యంత్రమే కొట్టింది, ఏ సోమరిపోతూ కొట్టలేదు. వెన్న సీసాలో ఉంది. చీటీ మీద ఉంది. మీ ఆఫీసు గుమ్మం దాటాక లేదు.

ఒక పని చెయ్యి. నీకు తోచిన అంకెలు కొట్టడం మానేసి, ఈ చీటీని ముందు పెట్టుకుని దాని మీద ఉన్నది ఉన్నట్టు కొట్టు. నీ చదువు ఉపయోగించి దాన్ని బాగుచెయ్యకు. ఏమొచ్చిందో రాయి.

దూడ బాగా ఎదిగింది. గేటు దగ్గరికి వచ్చి నా జేబులు వాసన చూస్తోంది. దానికి ఆగస్టు అంటే ఏమిటో తెలియదు.

ఎల్సెబెత్


కోపెన్‌హేగన్
9 జూలై

అక్కా,

6 వచ్చింది.

నేను చుక్కతో కొట్టాను, చీటీలో మన దేశపు దశాంశ కామా ఉంది. ఇంట్లో కామాతోనే రాస్తాను, బజారు చీటీలో కామాతోనే రాస్తాను. ఆఫీసు కుర్చీలో కూర్చోగానే వేళ్ళు చుక్క మీదికి పోతాయి. ఇక్కడ అందరికీ అంతే. ఇంతమందిమి పరీక్షించాం, అందరం చుక్కతోనే పరీక్షించాం.

జరిగింది ఇది. ఆ సరుకు అక్షరాల్ని ఎడమ నుంచి చదువుతూ పోతుంది. సంఖ్యలో భాగం కానిదేదైనా తగిలితే ఆగిపోతుంది, అప్పటిదాకా చదివిందే జవాబుగా ఇస్తుంది. మనం ఏ దేశంలో ఉన్నామో ప్రోగ్రాం మొదట్లోనే చెప్పాలి. చెప్పకపోతే దశాంశానికి చుక్క తప్ప ఇంకేదీ దానికి తెలియదు. నేను చెప్పలేదు. కాబట్టి 6 చదివింది, కామా చూసింది, ఆగింది. గోల చెయ్యదు. కానీ ఎక్కడ ఆగానో చూడమని ఒక గుర్తు పెట్టి మరీ ఇస్తుంది. గుర్తు చివరిదాకా రాకపోతే ఏదో మిగిలిపోయిందని అర్థం. ఆ గుర్తు నాకు అక్కర్లేదని రాసి పడేశాను. ఒక్క పదం.

దేశం పేరు చెప్పి చూశాను. కామాలు అర్థమయ్యాయి, కానీ చుక్కలతో ఉన్న మా పాత ఫైళ్ళు చెడిపోయాయి. ప్రేబెన్ అతుకుల్లో ఒకటి కామాలన్నిటినీ ముందే చుక్కలుగా మార్చేది. పీకి పారేసిన వాటిలో అది ఉంది. వెతికి తెచ్చి మళ్ళీ పెట్టాను. ఎందుకో పక్కన రాశాను కూడా. ఆయన ఆ ముక్క రాసి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఇకమీదట ఎక్కడ ఆగిందో చూడకుండా ఒక్క సంఖ్యని కూడా లోపలికి రానివ్వను. సరైన పట్టీలు వచ్చే వారం అందరికీ వెళ్తాయి. హోల్గర్‌కి ప్రత్యేకంగా పంపమని చెప్పాను. సంజాయిషీ మా ఆఫీసరు రాస్తాడు.

దూడ సంగతి రాయి.

టోర్కిల్


బ్యోగెలుండ్
19 ఆగస్టు

టోర్కిల్‌కి,

మీ సంజాయిషీ అందింది. "ల్యాబు నుంచి అందిన అంకెల రూపంలో తేడా వల్ల" అని ఉంది. అంటే తప్పు అంకెలదే, అవి పుట్టడమే తప్పుగా పుట్టాయి. నీ పేరు ఎక్కడైనా ఉందేమోనని వెనకా ముందూ చూశాను. దేశంలో అందరి పేర్లూ బాగుచేసినవాడివి, నీది రాయడానికి గది చాలలేదనుకుంటాను. యోన్నా పేరు కూడా లేదు. ఆమె మీద నిఘా మాత్రం ఇంకా ఉంది. అది తీసేయించు. తప్పు నీదని నీ చేత్తో రాసి హోల్గర్‌కి పంపు, నీకు చేతనైన వెడల్పు అక్షరాల్లోనే రాయి.

పట్టీ చేతికి రాగానే హోల్గర్ ఇంటికి వెళ్ళాను. సిగ్నె 6,8, బోలెట్ 6,1. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు.

"నువ్వు చెప్పింది నిజమే, ఎల్సెబెత్."

"అది నాకు తెలుసు. ఇప్పుడేం చేస్తారు?"

"కేంద్రంలో ఉన్నది ఒక్క ఖాళీయే. ఆక్సెల్ కోడె అందులో తినేసి పడుకుంది. దాన్ని లేపి ఇంటికి పొమ్మనలేంగా."

"మీరు తప్పు కోడెని తీసుకున్నారు."

"అప్పటి పట్టీ ప్రకారం సరైనదే," అన్నాడు. కాఫీ పోస్తానన్నాడు. తాగకుండా వచ్చేశాను. మన ఊళ్ళో నేను కాఫీ వద్దన్న ఇల్లు ఇంతకుముందు లేదు.

లారీ నిన్న పొద్దున్న వచ్చింది. డ్రైవరు తొందరపడ్డాడు, వానలో నిలబడి ఎక్కించాం. కొట్టంలో ఆ మూల ఇప్పుడు ఖాళీగా కనబడుతోంది.

కాగితం అయిపోయింది, రెండోది తీసుకుంటున్నాను.


2

ఎక్కించింది ఈసారి కూడా చూలు నిలవని ముసలి ఆవుల్ని. దూడని కూడా తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాను. మేత దండగని రాత్రి లెక్క వేసుకుని, మనసు గట్టి చేసుకున్నాను. తాడు డ్రైవరు చేతికి ఇస్తుండగా ఆక్సెల్ సైకిల్ వేసుకుని వచ్చాడు. వానలో టోపీ కూడా లేదు.

"అది పోతోందా?"

"చూస్తున్నావుగా."

"ఊరికే అడిగాను."

డ్రైవరు తలుపు వేస్తానన్నాడు. ఆక్సెల్ సైకిల్ దిగలేదు, పోలేదు. సైకిల్ బెల్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"పట్టీ చూశాను," అన్నాడు.

"చూసే ఉంటావు. అచ్చు బాగుందా?"

"నా దూడ మంచిదే, ఎల్సెబెత్."

"కాదన్నానా?"

"కేంద్రానికి అది చాలు. మా పెయ్యలకి మాత్రం..." అని ఆగాడు. మనవాళ్ళ సంగతి నీకు తెలుసు, ఇలాంటి మాట నోట్లోంచి రావాలంటే కాలువ తవ్వాలి. నేను సాయం చెయ్యలేదు. వాడే తవ్వుకున్నాడు. "మా పెయ్యలకి నీ కోడెని కట్టించుకుందామని. హోల్గర్‌తో అనకు."

"నీ సొంత కోడె కేంద్రంలో ఉండగా నా దాన్నా?"

"అనకు అన్నాను కదా."

తాడు వెనక్కి తీసుకున్నాను. లారీవాడు గొణిగాడు. దూడ ఇక్కడే ఉంటుంది. ఆక్సెల్ వెళ్ళాక ఇంకా ఇద్దరు వచ్చి అడిగారు, వాళ్ళు కూడా హోల్గర్‌తో అనొద్దనే. కేంద్రంలో ఆబోతు ఒకటి, ఊరికి ఆబోతు ఇంకొకటి.

ఇక్కడే ఉండేదానికి పేరు ఉండాలి. ముందు అనుకున్న పేరు పక్కన పెట్టి నీ పేరు పెట్టాను. బాగా సరిపోయింది. చూడటానికి చక్కగా ఉంటాడు, పిలిస్తే హుషారుగా సగం దాకా వస్తాడు, దారిలో ఏదో ఒకటి కనబడగానే అక్కడే ఆగిపోతాడు. గిన్నె చూపిస్తే మిగతా సగం వస్తాడు.

ఇది చదివితే వాణ్ణి చూడటానికి ఎప్పుడొస్తావో రాయి. చదవకపోతే ఏం రాస్తావో నాకు తెలుసు.

ఎల్సెబెత్


బోర్న్‌హోమ్ ఓడరేవు
26 ఆగస్టు

ప్రియమైన అక్కా,

సెలవు మీద ఈ దీవికి వచ్చాను. నీ ఉత్తరం ఓడ ఎక్కేముందు అందింది. హోల్గర్ సంగతి నువ్వు చెప్పినట్టే చేశాను: తప్పు నాదని రాసి, సంతకం పెట్టి పంపాను. యోన్నా మీద నిఘా తీసేస్తున్నారు. అది రాయడం నేను అనుకున్నంత కష్టంగా లేదు, అనుకున్నంత తేలిగ్గానూ లేదు.

దూడ విషయం చదివి మనసు పాడైంది. లారీ, వాన, ఖాళీ మూల, అన్నీ కళ్ళకు కట్టినట్టు రాశావు. దాని బదులు ఏం ఇచ్చినా తీరదని తెలుసు. ఒక్కటే మేలు, దానికి పేరు పెట్టకపోవడం. పేరు ఉండి ఉంటే నీకు ఇంకా కష్టమయ్యేది.

టపా తీసుకెళ్ళే ఓడ కూత వేస్తోంది, ఉంటాను.

నీ తమ్ముడు
టోర్కిల్


బ్యోగెలుండ్
1 సెప్టెంబరు

టోర్కిల్‌కి,

సంతకం పెట్టినందుకు సంతోషం. మరీ అంత అన్యాయంగా లేదు.

రెండో కాగితం కవరులోనే ఉంటుంది, చూడు.

ఎల్సెబెత్